ఊళ్లో మ్యూజియం పెట్టేవాళ్లకు నా అనుభవ పాఠాలు

చెరుకుపల్లిలో పాత వస్తువులన్నీ ఒకచోట చేర్చి చిన్న మ్యూజియం పెడదామని కొందరు కుర్రాళ్లు తలపెట్టారు. నేను ఈ చుట్టుపక్కల బడుల్లో సోషల్ మాస్టారుగా పనిచేసినవాణ్ని. పిల్లల్ని అమరావతికీ, నాగార్జునకొండకీ, హైదరాబాదుకీ తిప్పుకొచ్చినవాణ్ని. అందుకని “ఎక్కడ మొదలుపెట్టమంటారు మాస్టారూ?” అని వచ్చి అడిగారు. నోటిమాటగా చెబితే సగం గాలికి పోతుందని రాసి ఇస్తున్నాను. వరసగా అంకెలు వేశాను గానీ అన్నిటి బరువూ ఒకటి కాదు. మొదటిదీ నాలుగోదీ మళ్లీ మళ్లీ చదవండి.

1. వస్తువు చేతికి రాగానే అది ఎక్కడిదో రాసుకోండి

భట్టిప్రోలు మనకు పక్క మండలమే. 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి అక్కడి దిబ్బను తవ్వించి, ఇటుక స్థూపం గర్భంలోంచి మూడు రాతి పేటికలు బయటికి తీశాడు. రాతి మీద బ్రాహ్మీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. లోపల స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, చిన్న ఎముక ముక్క. అది బుద్ధుడి ధాతువని పేటిక మీది రాతే చెబుతోంది. క్రీస్తుకు రెండు మూడు వందల ఏళ్ల ముందటి రాత అది. బ్యూలర్ అనే జర్మన్ పండితుడు దాన్ని చదివి లోకానికి చెప్పాడు.

తర్వాత ఏమైందో చూడండి. పేటికలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ధాతువును ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇచ్చింది. 1920లో కలకత్తా కాలేజీ స్క్వేర్ దగ్గర ధర్మరాజిక చైత్య విహారం కట్టి అందులో ప్రతిష్ఠించారు. ఇటుకల దిబ్బ భట్టిప్రోలులో ఉండిపోయింది. రెండు వేల ఏళ్లు ఒకే గర్భంలో కలిసి ఉన్నవి తలా ఒక ఊరికి చేరాయి.

అయినా ఇవాళ ఆ మూడింటినీ కలిపి కథ చెప్పగలుగుతున్నాం. ఏ పేటిక ఎక్కడ, ఎలా దొరికిందో, దేనిలో ఏమున్నాయో రే బొమ్మలు గీయించి, రాసి పెట్టబట్టే అది సాధ్యమైంది. ఆ పుస్తకం 1894లో అచ్చయింది. ఆ రాత లేకపోతే అవి చెన్నైలో మూడు రాళ్లు, కలకత్తాలో ఒక ఎముక, మన దగ్గర కొంత ఇటుక. అంతే.

కాబట్టి గది కన్నా ముందు, బీరువా కన్నా ముందు, ఒక మందపాటి రిజిస్టరు కొనండి. వస్తువు ఎవరింటిది, ఎవరు ఇచ్చారు, ఎవరు వాడారు, అటక మీద ఉందా, దొడ్లో పడి ఉందా, పొలంలో దొరికితే ఏ డొంక పక్కన, ఎంత లోతులో దొరికింది, ఆ ఇంట్లోవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు అన్నవన్నీ ఆ రోజే రాయండి. రేపు రాద్దామంటే ఇచ్చిన పెద్దమనిషి ఉండకపోవచ్చు.

2. పాడుచేసింది ఎవరో చెప్పేటప్పుడు ఊరిని ఒక్కదాన్నే నిందించకండి

1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అనే రాజు అమరావతిలో కొత్త పట్నం కడుతూ ఇటుకల కోసం అక్కడి దిబ్బను తవ్వించాడు. చెక్కడాలున్న పాలరాళ్లు బయటపడ్డాయి. పాలరాయి అని మనం అనడమే గానీ అది పల్నాటి సున్నపురాయి. కాలిస్తే సున్నం అవుతుంది. చాలా రాళ్లు అలాగే బట్టీల్లో కాలిపోయాయి. కాలిన్ మెకంజీ అనే దొర సంగతి విని వచ్చి చూసి, 1816 తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. రాళ్లు పోయినా ఆ బొమ్మలు లండన్లో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో దొర తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి కొన్నేళ్లు ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వాటిని ఓడెక్కించి లండన్ పంపారు.

మా పిల్లలు ఈ కథ వింటే “మనవాళ్లకు తెలియక కాల్చేశారు, దొరలు కాపాడారు” అనేవారు. అంత తేలిగ్గా తీర్పు చెప్పకండి అనేవాణ్ని. భట్టిప్రోలు స్థూపం గుమ్మటం పంతొమ్మిదో శతాబ్దం దాకా నిలిచే ఉంది. దాన్ని విప్పి, ఇటుకనూ రాయినీ రోడ్డుకూ, వెల్లటూరు కాలువ పనికీ వాడింది దొరల ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖే. కూలీకి తెలియలేదు, రాజుకూ తెలియలేదు, చదువుకున్న ఇంజనీరుకూ తెలియలేదు. తెలిసిన మనిషి ఒక్కడు ఆ పక్కన నిలబడి ఉంటే కథ మారేది. అలాంటి మనుషుల్ని తయారుచేయడానికే మ్యూజియం కావాలంటాను నేను.

ఇప్పటికీ మన ప్రాంతంలో చెరువులు తవ్వుతున్నారు, పొలాలు చదును చేస్తున్నారు, పునాదులు తీస్తున్నారు. పెద్ద సైజు ఇటుకలో, కుండ పెంకులో, నాణేలో పైకి వస్తే ఎవరికి చెప్పాలో ఊళ్లో పదిమందికీ తెలిసి ఉండాలి. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువైనదేదైనా భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని అందులో ఉంది. 1972 పురావస్తువుల చట్టం కూడా ఉంది. అలాంటివి మీ గదిలో దాచుకోకండి. అధికారులకు చెప్పి, వాళ్లు తీసుకెళ్లేలోగా ఫొటో తీసుకుని, దొరికిన చోటు రాసుకోండి. ఆ కాగితమే మీ మ్యూజియం సొత్తు.

3. అందరి ఇళ్లకూ వెళ్లండి

పాత సామాను అనగానే మన కాళ్లు పెద్ద లోగిళ్ల వైపే పోతాయి. ఇత్తడి గుండిగలు, భోషాణాలు, పందిరి మంచాలు అక్కడే ఉంటాయి. గది వారం రోజుల్లో నిండుతుంది. చూడ్డానికి వచ్చిన కూలి తల్లికి మాత్రం అందులో తన ఇంటి వస్తువు ఒక్కటీ కనబడదు. వరి కోసిన కొడవలి, తాటాకు గొడుగు, తోలు పనివాళ్ల పనిముట్లు, యానాదులు చేపలు పట్టే బుట్టలు, చాకలి బాన, మంత్రసాని వాడిన చిన్న కత్తి, బీడీలు చుట్టిన చేట, ఇవన్నీ అడిగితేనే వస్తాయి. “మా దగ్గరేముంటాయి బాబూ” అంటారు. రెండోసారి వెళ్లండి. నేల మీద కూర్చుని మాట్లాడండి.

భట్టిప్రోలు పేటికలు మనకు ఈ విషయంలో మంచి దారి చూపిస్తాయి. కుబేరకుడనే రాజు పేరు వాటి మీద ఉంది. ఆ రాజు పేరుతో పాటే, పేటికను చేయించిన కుర అనేవాడి తల్లి, తండ్రి ఉన్నారు. గోష్ఠి అనే సంఘం సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. నందపురం స్త్రీల కానుక ఉంది. రెండు వేల ఏళ్ల నాడే ఆ రాయి మీద ఇంతమందికి చోటిచ్చారు.

4. లేబుల్ మీద నిజం ఎంతుందో అంతే రాయండి

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అభిమానం ఎక్కువున్నచోటే అబద్ధం తొందరగా పుడుతుంది. భట్టిప్రోలు పేటికల మీద ఉన్నది తెలుగేనని, తెలుగు లిపి అక్కడే పుట్టిందని మన సభల్లో ఘనంగా చెబుతుంటారు. వినడానికి నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ రాతల భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మీలో ఒక ప్రత్యేకమైన తీరు. ఘ, జ, మ, ల, ష అక్షరాలు మామూలు అశోకుడి బ్రాహ్మీలో ఉన్నట్టు లేవు. ఇంకో విశేషం, మామూలు బ్రాహ్మీలో ‘కా’ అని చదివే గుర్తును ఇక్కడ ‘క’ కోసం వాడారు. దీర్ఘానికి వేరే గుర్తు పెట్టారు. మన తలకట్టుకు మూలం ఈ గుర్తేనని కొందరి ఊహ.

ఇందులో ఖాయంగా తెలిసినదేది, ఊహ ఏది అని విడదీసి రెండు వాక్యాలు రాస్తే చాలు, పిల్లవాడికి అంతకన్నా గొప్ప పాఠం లేదు. “ఇది ఖాయం. ఇది కొందరి అభిప్రాయం. నువ్వేమంటావు?” అని అడిగే లేబుల్ ముందు పదో తరగతి పిల్లలు అరగంట వాదులాడుకుంటారు. “ప్రపంచంలోనే మొట్టమొదటి” అని రాసిన లేబుల్ ముందు సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. ఊరి గొప్పను పెంచి రాస్తే, చదువుకున్నవాడు ఒకడొచ్చి అది తప్పని తేల్చిన రోజున మీరు రాసిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. నిజం మనకు తక్కువేమీ లేదు. దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో కొన్ని మన పక్క ఊరివి. ఆ మాట చాలు.

లేబుల్ ఎలా ఉండాలో కూడా చెప్పనివ్వండి. తెలుగు పైన, పెద్ద అక్షరాలతో, ఐదారు వాక్యాలకు మించకుండా రాయండి. ఎనిమిదేళ్ల పిల్లవాడి కళ్లకు అందే ఎత్తులో పెట్టండి. పెద్దవాళ్లు కాస్త వంగి చదువుకోగలరు, పిల్లలు ఎగిరి చదువుకోలేరు. ముసలివాళ్ల కోసం అక్షరం ఎంత పెద్దదైతే అంత మంచిది. అద్దం మీద వెలుగు పడి అక్షరాలు మెరిసిపోకుండా చూసుకోండి. సంస్కృత సమాసాలతో నింపిన లేబుల్ కన్నా, “దీంతో మా నాయనమ్మ కారం దంచేది” అన్న ఒక్క వాక్యం ఎక్కువసేపు మనిషిని నిలబెడుతుంది.

5. వస్తువుతో పాటు దాన్ని వాడిన గొంతు కూడా తీసుకోండి

మానిక తీసుకోండి. ఇనప రేకుతో చేసింది, అంచుకు పట్టీ వేసింది, గింజలు రాసుకుని రాసుకుని లోపల నున్నగా మెరుస్తుంటుంది. అద్దాల బీరువాలో పెట్టి “మానిక, ధాన్యం కొలత” అని రాస్తే అది డబ్బాలా కనబడుతుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని గోడ మీద రాసి, పక్కనే ఒక బుట్టలో వడ్లు పోసి, “కొలిచి చూడు” అని పిల్లల చేతికి ఇవ్వండి. మెట్రిక్ కొలతలు రాకముందు ఈ ఊరి లెక్కంతా వాటి మీదే నడిచింది.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మను బడికి తీసుకొచ్చింది. ఆవిడ మానిక చేత్తో పట్టుకోగానే నడుము వంచి, కుడిచేత్తో గింజలు నింపి, అరచేత్తో పైన గీసి, “లాభం” అంటూ మొదటి మానిక పోసింది. తర్వాత “రెండు, మూడు” అని లెక్క సాగింది. ఒకటి అనే మాట ఆవిడ నోట రాలేదు. కళ్లంలో అలాగే కొలిచేవారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆవిడ మణికట్టు తిరిగే తీరు ఏ బీరువాలోనూ పెట్టలేం. ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లున్నాయి కాబట్టి వీడియో తీసి, అది చూపించే చిన్న తెరను వస్తువు పక్కనే పెట్టండి. మగ్గానికీ ఇంతే. పడుగు లేని మగ్గం కట్టెల పోగులా కనబడుతుంది. చీరాల వైపు నుంచో మన చుట్టుపక్కల నేత ఊళ్ల నుంచో ఒక నేతగాణ్ని నెలకోసారైనా పిలిపించి, కూలి ఇచ్చి, నాడె ఆడిస్తూ పిల్లలకు చూపించమనండి. కూలి ఇవ్వడం మరచిపోవద్దు.

6. కూర్చోవడానికి చోటు, నడవడానికి దారి

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు జనం ఎలా కూర్చుంటారో చూశారా? లోపల నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని, వేళకు ముందే వచ్చి, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కాచుకుంటారు. ఆ మ్యూజియం 1951లో మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. వేల వస్తువులున్న చోట కూడా జనానికి బాగా గుర్తుండేది, ఆగి కూర్చుని పదిమందితో కలిసి చూసినదే. మీ గది ఎంత చిన్నదైనా మధ్యలో రెండు బల్లలు వేయండి. వస్తువులు తగ్గినా పరవాలేదు. చక్రాల కుర్చీ తిరిగేంత దారి వదలండి. గుమ్మం దగ్గర మెట్టు కాకుండా ఏటవాలు కట్టించండి.

7. మన గాలిలో ఉప్పుంది, తేమ ఉంది

సముద్రం మనకు దూరం కాదు. ఆ గాలికి ఇనుము ఏడాదిలో తుప్పు పడుతుంది, కాగితం బూజు పడుతుంది, బట్ట మెత్తబడి చిరుగుతుంది. కాగితం, బట్ట, తాటాకు గ్రంథాల మీద ఎండ నేరుగా పడకూడదు. వాటికి 50 లక్స్ మించిన వెలుగు ఉండకూడదని మ్యూజియంవాళ్లు పాటించే లెక్క. మన వరండాలో మధ్యాహ్నపు వెలుగు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి అలాంటివి ఉత్తరం వైపు గదిలో, తెరల వెనక పెట్టి, నాలుగు నెలలకోసారి మార్చండి. రాయికీ లోహానికీ వెలుగు పడదన్న భయం లేదు. వాటిని వెలుగులోనే పెట్టండి, చెక్కడం బాగా కనబడుతుంది.

రాయిని గోడలో సిమెంటుతో పొదగకండి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాళ్లను ఎప్పుడో గోడలకు బిగించారు. ఆ గారలోని ఉప్పు రాతిలోకి దిగడం ఎంత తలనొప్పి అయిందో అక్కడివాళ్లకు తెలుసు. లండన్లో ఉన్నవి దశాబ్దాల పాటు జనం కంటికి అందలేదు. 1992లో అద్దాల వెనక, గాలిని అదుపులో పెట్టే గది కట్టాక గానీ బయటికి రాలేదు. అంత డబ్బున్నవాళ్లకే అంత కష్టమైంది. మీకు అందుబాటులో ఉన్నవి నేల నుంచి రెండడుగులు ఎత్తు, గాలి ఆడే కిటికీ, చెదలు పట్టని చెక్క, వర్షాకాలం ముందు ఒకసారి శుభ్రం చేయడం. చాలు.

8. కష్టకాలాన్ని కూడా లోపలికి రానివ్వండి

1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మన గదిలో ఏమీ లేకపోతే అది మన గది కాదు. దివిసీమతో మొదలై కృష్ణకు ఇటువైపు తీరం దాకా పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. శవాల ఫొటోలు పెట్టకండి. ఆ రోజు బతికినవాళ్ల మాటలు ఇంకా దొరుకుతాయి. ఏ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎవరు ఏ చెట్టెక్కారు, తర్వాత బియ్యం ఎక్కడినుంచి వచ్చాయి, ఏ బావిలో నీళ్లు తాగారు అని అడిగి రాసుకోండి. ఊరి పటం ఒకటి గీసి, వాళ్లు చెప్పినంత మేర నీలం రంగు వేయండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లాలో దాని కిందే రాయండి.

9. పెద్ద భవనం కోసం కూర్చోకండి

వేటపాలెం సారస్వత నికేతనం చూసి రండి. 1918లో మొదలైన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చినప్పుడు జనం తోపులాటలో ఆయన చేతికర్ర విరిగింది. ఆ కర్రను ఇప్పటికీ అక్కడే భద్రంగా దాచారు. పాత తెలుగు పత్రికలు కట్టలుకట్టలుగా అక్కడే ఉన్నాయి. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వస్తారు. పుస్తకాల గది మ్యూజియం కూడా కాగలదని అది చూస్తే తెలుస్తుంది. మొదట మీ గదిని గ్రంథాలయంలోనో, బడిలోనో, ఒక మూలనే తెరవండి. సాయంత్రం, ఆదివారం తెరిచి ఉంచండి. పనివేళల్లో మాత్రమే తెరిచే గదికి పనిచేసుకునే మనిషి రాలేడు.

2022 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సభలో అంతర్జాతీయ మ్యూజియంల మండలి తన నిర్వచనాన్ని మార్చుకుని, జనాల భాగస్వామ్యం అన్న మాటను అందులో చేర్చింది. మీరు ఆ భాగస్వామ్యంతోనే మొదలుపెడుతున్నారు.

10. ఫొటో లేని వస్తువు పోతే పోయినట్టే

ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగిలించిన సున్నపురాయి చెక్కడం ఒకటి ఎన్నో చేతులు మారి, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. అది మనదేనని నిలబెట్టాక 2016లో వెనక్కి వచ్చింది. ఇలాంటి కేసుల్లో ముందు అడిగేది పాత ఫొటో, పాత రికార్డు. అందుకని ప్రతి వస్తువుకూ నాలుగు వైపుల నుంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి ఊరి గ్రంథాలయంలో, ఒకటి ఊరు దాటి ఎవరి దగ్గరైనా ఉంచండి. అరువిచ్చిన వస్తువు తిరిగి అడిగితే ఇచ్చేయండి. రశీదు రాసి ఇవ్వడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి.

11. నకళ్లు అడగడానికి మొహమాటపడకండి

భట్టిప్రోలు పేటికలు తిరిగి తెప్పించాలని చాలామంది అడుగుతున్నారు. నాకూ ఆ కోరిక ఉంది. అది ప్రభుత్వాలు తేల్చాల్సిన పని, ఏళ్లు పడుతుంది. ఆలోగా చేయగల పని ఒకటుంది. చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని, పేటికలను త్రీడీ స్కాన్ చేయించి, అసలు సైజులో నకళ్లు చేయిద్దాం. ఒకటి భట్టిప్రోలు బడికి, ఒకటి మన గదికి. పిల్లలు మూత ఎత్తి చూడాలి, కుర వాళ్లమ్మను తలచిన అక్షరాల మీద వేలు పెట్టి చదవాలి. ఉత్తరం నేను తెలుగులో రాసి పెడతాను, ఇంగ్లీషులోకీ తమిళంలోకీ మీలో ఎవరైనా మార్చండి. సంతకాలు మాత్రం మన మండలంలో ఒక్క ఊరు వదలకుండా సేకరించండి.